కండాలి పప్పు తిన్న చలికాలం

మా అమ్మ గుండెలో లోహపు కవాటం ఒకటి ఉంది. గదిలో చప్పుడు లేనప్పుడు ఆవిడ పక్కన కూర్చుంటే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. కొత్తగా మా ఇంటికొచ్చినవాళ్లు గోడ గడియారం కోసం చూస్తారు. నాన్న భిలాయ్ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. అంచేత ఆ కవాటం మీద తనకి అమ్మకన్నా ఎక్కువ హక్కున్నట్టు మాట్లాడతాడు. ఆపరేషనైన వారంలోనే, అది ఏ గ్రేడు లోహమో డాక్టర్ని అడగడం మర్చిపోయానని బెంగపెట్టుకున్నాడు.

అలాంటి కవాటం ఉన్నవాళ్లు బతికున్నంతకాలం రోజూ రక్తాన్ని పలచన చేసే గోలీ వేసుకోవాలి. రక్తం చిక్కబడితే గడ్డకట్టి కవాటానికి అడ్డం పడుతుంది, లేకపోతే మెదడుకి పోతుంది. మరీ పలచబడినా ప్రమాదమే, ఎక్కడో ఒకచోట కారడం మొదలవుతుంది. అందుకని నెలనెలా పరీక్ష చేయించి గోలీ ఎంతో సరిచూసుకుంటారు. ఇందులో పెద్ద చిక్కు ఆకుకూరలతో వస్తుంది. ఆకుకూరల్లో ఉండే ఒక విటమిను ఈ గోలీకి ఎదురు పనిచేస్తుంది.

ఆస్పత్రి నుంచి పంపించే రోజు ఒక సిస్టరమ్మ మంచం దగ్గరికొచ్చి ఈ సంగతి చెప్పింది. ఛత్తీస్‌గఢ్‌లో పుట్టిపెరిగిన మనిషేమో, భాజీల పేర్లు, అంటే ఆకుకూరల పేర్లు, చెప్పడం మొదలుపెడితే ఇక్కడి సంతలో దొరికేదేదీ వదల్లేదు. పాలక్, మేథీ, లాల్‌భాజీ, చౌలాయీ అనే తోటకూర, కొత్తిమీర, చివరికి అమారీ భాజీ, అంటే మన గోంగూర. "వీటితో జాగ్రత్త" అని ఇంకేదో చెప్పబోతుంటే పక్క మంచం వాళ్లు పిలిచారు, వెళ్లిపోయింది. నాన్న తలూపాడు. ఆ తల ఊపడం ఎంతదాకా వెళ్తుందో ఆ పూట మాకెవరికీ తెలీదు.

నాన్న యూనియన్ మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మేనేజిమెంటుతో ఒప్పందాలు మాట్లాడే జట్టులో ఉండేవాడు. ఒప్పందంలో పేరున్నదానికి కట్టుబడి ఉండాలి, పేరు లేనిదాన్ని ఎవడూ అడగలేడు అన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. పేరు చెప్పిన కూరలన్నీ ఆ రోజు నుంచి బందు. చారులో కొత్తిమీర రెమ్మ తేలినా గరిటెతో తీసి గట్టు మీద పెట్టేవాడు. నేను ఒకసారి నా కోసం మెంతికూర తెచ్చుకుంటే, నేనేదో సారా సీసా తెచ్చినట్టు చూశాడు. నాకు ఒళ్లు మండి ఆ కట్ట తీసుకెళ్లి పక్కింటివాళ్లకి ఇచ్చేశాను.

అమ్మది శ్రీకాకుళం దగ్గర ఊరు. ఆకుకూర లేనిదే ఆవిడకి ముద్ద దిగదు. అలాంటి మనిషికి ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, మళ్లీ ఆనపకాయ. సంతకి వెళ్తే ఇక్కడి భాజీ అమ్మే ఆడవాళ్లు "లే దాయీ, తాజా హే", తీసుకో అమ్మా తాజాగా ఉంది, అని కట్టలు చేతికి అందిస్తారు. అమ్మ అందుకుని, ఆకు నలిపి వాసన చూసి, జాగ్రత్తగా తిరిగి పెట్టేసేది. ఒక్క కట్ట తెచ్చుకుందామని నాన్నతో అంటే, "పేనం ముక్యమా, గోంగూర ముక్యమా?" అనేవాడు. దానికి ఎవరు మాత్రం ఏం చెప్తారు? అమ్మ ఆనపకాయ తరగడానికి లేచేది.

ఇక మా పక్కింటివాళ్లు. వాళ్లది ఉత్తరాఖండ్ కొండల వైపు. నాన్న ఉద్యోగంలో ఉండగా సెక్టర్ 2 క్వార్టర్లలో మా గోడకి అవతల వాళ్లుండేవారు. రిటైరయ్యాక వైశాలి నగర్‌లో కూడా పక్కపక్కనే స్థలాలు తీసుకుని ఇళ్లు కట్టారు కాబట్టి గోడ మారిందే గానీ గోడకి అవతల ఎవరున్నారన్నది మారలేదు. ఆంటీ పెరట్లో బట్టలుతికిన నీళ్లు పారే నీడ పట్టున ప్రతి చలికాలం ఒక మొక్క లేస్తుంది. గింజలు వాళ్ల ఊరి నుంచి తెచ్చి చల్లుతుంది. భిలాయ్ ఎండలు మొదలవగానే మాడి చచ్చిపోతుంది, మళ్లీ మరుసటి ఏడు చల్లుతుంది. ఆ మొక్కని వాళ్లు కండాలి అంటారు. హిందీలో బిచ్ఛూ ఘాస్, అంటే తేలు గడ్డి. ఆకు నిండా, కాడ నిండా కంటికి కనబడీ కనబడని ముళ్లు. తగిలితే తేలు కుట్టినట్టే ఉంటుంది.

మన దురదగొండి లాంటిదే కదా అని నేను తేలిగ్గా అనబోతే ఆంటీ చెయ్యి అడ్డం పెట్టింది. దురదగొండి వేరు, ఇది వేరు. చిన్నప్పుడు క్యాంప్ 2 వైపు కంచెల మీద పాకే దురదగొండి తగిలి నేను ఏడ్చిన సంగతి ఆవిడకి తెలుసు. అది పొరపాటున కూడా నోట్లో పెట్టకూడదట. కుట్టిన ఆకల్లా కండాలి కాదని, తెలిసినవాళ్లు చూపించకుండా కంచె మీది ఆకు కోసుకొచ్చి వండకూడదని గట్టిగా చెప్పింది. కండాలిని కూడా పూత రాకముందే, పైన లేత చిగుళ్లు మాత్రమే పట్టకారుతో తుంచుతారు. పూసిన తరవాత ముదురాకు తింటే మూత్రపిండాలకి మంచిది కాదంటారు. ఒంటికి తగిలితే రుద్దకూడదు. రుద్దితే ముళ్లు ఇంకా లోపలికి దిగుతాయి. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక అతుక్కునే టేపు వేసి పీకితే కొన్ని ముళ్లు దాంతో వచ్చేస్తాయి. మరిగే నీళ్లలో పడ్డాక మాత్రం దాని పొగరంతా దిగిపోతుంది.

మొదట దాన్ని వాడింది నాన్న. ఫర్నేసు మెట్లు ఎక్కీ దిగీ ఆయన మోకాళ్లు అరిగాయి. అంకుల్ ఒకరోజు గోడ మీంచి, తమ ఊళ్లో ముసలివాళ్లు మోకాళ్ల నొప్పులకి కండాలితో కొట్టుకునేవాళ్లని చెప్పాడు. ఇంకేం. నాన్న ఎక్కడో దాచుకున్న పాత ప్లాంటు తోలు గ్లవ్స్ తీసి, ఒక కొమ్మ పట్టుకుని, పంచె పైకెత్తి ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మోకాలి మీద నాలుగు దెబ్బలు వేసుకున్నాడు. ఐదో దెబ్బకి కుర్చీలో ఉంటే ఒట్టు. పెరడంతా కుంటుతూ తిరిగి, మోకాలు ఎర్రగా దద్దుర్లు తేలి, చివరికి వచ్చి కూర్చుని, "పోయింది సూడు, నొప్పి పోయింది" అన్నాడు.

"నొప్పి పోలేదండి, దాని బాబులాంటి నొప్పి వచ్చింది" అంది అమ్మ.

అయినా ఆయన మానలేదు. కొన్నాళ్లకి ఒకసారి తోలు గ్లవ్స్ తొడుక్కునేవాడు. నిజంగా కొంచెం తేలికగా ఉంటోందని అనేవాడు. ఉండి ఉండవచ్చు. అది మందు పనో, ఆయన మొండితనం పనో నేను తేల్చలేను.

అమ్మకి ఆ కొమ్మల మీద వేరే దృష్టి పడింది. ఆంటీ కండాలి కూర వండుతుంటే గోడ దగ్గర నిలబడి చూసింది. ముదురు ఆకుపచ్చగా, చిక్కగా ఉడికిన ఆకు. అమ్మ మొహంలో అంత ఆశ నేను చాలా ఏళ్లుగా చూడలేదు. ఆ పూట నాన్నని అడిగింది.

"ఏటండి, ఇది తినొచ్చేటి?"

నాన్న చాలాసేపు ఆలోచించాడు. మోచేతులు బల్లకి ఆనించి, వేళ్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి, అచ్చం ఒప్పందం మాట్లాడేటప్పుడు కూర్చున్నట్టే కూర్చున్నాడు.

"ఆ సిస్టరమ్మ పాలకు సెప్పింది. మేతీ సెప్పింది. గోంగూర సెప్పింది. ఈ కండాలి పేరు సెప్పిందేటి?"

"సెప్పలేదు."

"సెప్పలేదంటే అడ్డు లేదు. తినీ."

ఏళ్ల తరవాత మా ఇంట్లో ఆకుకూర ఉడికింది. అమ్మ కందిపప్పులో కండాలి వేసి, చింతపండు పిండి, వెల్లుల్లి, ఎండుమిరపకాయలతో పోపు పెట్టింది. కొండవాళ్ల ఆకుని శ్రీకాకుళం పద్ధతిలో కూర్చోబెట్టేసింది. బాగుంది. నిజంగా బాగుంది. పాలకూరకన్నా కొంచెం గట్టి రుచి. నేను బడిలో పాఠాలు చెప్పి అలిసిపోయి వచ్చేసరికి, అమ్మ వంటింట్లో పాత పాటేదో కూనిరాగం తీస్తూ ఉండేది. ఇంకో రోజు ఆవపిండి పెట్టిన కూర. ఇంకో రోజు పచ్చడి. ఆంటీ కూడా సరదాపడిపోయి గోడ మీంచి గిన్నెలతో ఆకు అందించేది. ఆ చలికాలంలో నెల రోజులపాటు అమ్మ రోజు విడిచి రోజు కండాలి తింది. మా అందరికీ పండగలా ఉండేది.

ఆ నెల పరీక్షకి వెళ్లేసరికి రక్తం చిక్కబడింది.

చిక్కబడడం అంటే ఏదో కొంచెం కాదు. గుండె డాక్టరు నాకన్నా చిన్నవాడు, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడేవాడు. ఆ రోజు రిపోర్టు చూసి నవ్వలేదు. గోలీ సరిగ్గా వేసుకుంటున్నారా అన్నాడు. వేసుకుంటోంది. కొత్త మందులేవైనా? లేవు. ఆయుర్వేదం, హోమియో? లేవు. ఆకుకూరలు? నాన్న ఛాతీ విరిచి, "మీరు వద్దన్నవి ఒక్కటి కూడా ఇంట్లోకి రానివ్వలేదు డాక్టర్ సాబ్" అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఆయన నమ్మింది ఆయన చెప్పాడు. డాక్టరు, ఇలాగే వదిలేస్తే కవాటం బిగిసిపోవచ్చు, పక్షవాతం రావచ్చు అని మెల్లగా నాకు చెప్పాడు. అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆ గది నిశ్శబ్దంలో టిక్కు టిక్కు వినబడుతోంది. ఒక్క క్షణం ఆగుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను.

అంతలో నాన్న మోకాలు గోక్కున్నాడు. ఆ పొద్దున్నే నాలుగు దెబ్బలు వేసుకుని వచ్చాడు మరి. మళ్లీ గోక్కున్నాడు. డాక్టరు చూసి, ఏమైంది అంకుల్ అని అడిగాడు. నాన్నకి అంతకన్నా ఏం కావాలి? పంచె పైకెత్తి, దద్దుర్లు చూపించి, కండాలి మహిమంతా చెప్పడం మొదలుపెట్టాడు.

డాక్టరు ఆయన మాట మధ్యలో ఆపి, "ఇంట్లో దాన్ని ఎవరైనా తింటున్నారా?" అన్నాడు.

"పప్పులో ఏసుకుంటాం బేటా," అంది అమ్మ, హిందీలో తనకి వచ్చినంతలో. "చట్నీ కూడా."

డాక్టరు కలం కింద పెట్టేశాడు. కండాలిలో ఆ విటమిను దండిగా ఉంటుందని చెప్పాడు. అంతే కాదు, అది మూత్రం ఎక్కువ వచ్చేలా చేస్తుంది, రక్తపోటు, చక్కెర మీద కూడా కొంత ప్రభావం ఉంటుంది అంటారు, కాబట్టి వాటికి గోలీలు వేసుకునేవాళ్లు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు అడక్కుండా తీసుకోకూడదు అన్నాడు. నాన్న వైపు తిరిగి, "మీరు కొట్టుకుంటే కొట్టుకోండి, కానీ చర్మం చిట్లి ఉన్నచోట వద్దు, ఒళ్లంతా పొంగినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే రండి" అన్నాడు. అడవి ఆకైనా, పెరటి ఆకైనా, కషాయమైనా, మందులా అనిపించకపోయినా డాక్టరుకి చెప్పాలి అన్నాడు.

నాన్న లేచాడు. "ఆ కూర పేరు ఆ రోజు ఎవరూ చెప్పలేదు సాబ్. చెప్పి ఉంటే నేను ముట్టనిచ్చేవాణ్ని కాదు. మిగతావన్నీ పూర్తిగా మాన్పించేశాను."

"పూర్తిగానా? ఎందుకు?" అన్నాడు డాక్టరు.

నాన్న ఆ రోజు సిస్టరమ్మ చెప్పిన పేర్లన్నీ వేళ్ల మీద లెక్కపెట్టాడు.

అప్పుడతను చెప్పాడు. ఆకుకూరలు మానమని ఎవరూ అనరు. ఒక నెల ఏమీ తినకుండా, ఇంకో నెల గిన్నెల కొద్దీ తింటేనే ప్రమాదం. ఎప్పుడూ ఒకే మోతాదులో తింటే, ఆ మోతాదుకి సరిపడా గోలీ పెట్టచ్చు. అలా కాకుండా ఇప్పుడు గోలీ పెంచాక ఇంటికెళ్లి ఆకులన్నీ ఒక్కసారి ఆపేస్తే, రక్తం పలచబడి చిగుళ్లలోంచి కారుతుంది. ఏది చేసినా తనకి చెప్పి చెయ్యమన్నాడు.

నాన్న గొంతు సవరించుకుని, "అయితే డాక్టర్ సాబ్, మేము కోరేదేమిటంటే..." అని మొదలుపెట్టాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆస్పత్రుల్లో ఎప్పుడూ నాన్నా నేనే మాట్లాడతాం. ఆవిడ మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఆ రోజు సంచీ నా చేతికిచ్చింది.

"నాను మాటాడతాను," అంది మాతో. తరవాత డాక్టరు వైపు తిరిగి, విరిగిన హిందీలోనే అంది. "బేటా, నువ్వు నన్ను బతికించావు. నీకు దండం. కానీ ఆకుకూర లేని అన్నం నాకు అన్నం కాదు. రోజూ ఒక కప్పు తింటాను. ఎక్కువ తినను, తక్కువ తినను. నా కూరకి తగినట్టు నీ గోలీ పెట్టు. నీ గోలీకి తగినట్టు నన్ను ఎండగట్టకు."

డాక్టరు నవ్వేశాడు. సరే అన్నాడు. అయితే కండాలి చలికాలంలోనే దొరుకుతుంది, ఎంత తింటే ఎంత పనిచేస్తుందో చెప్పలేం, దాన్ని పక్కన పెట్టి ఏడాది పొడుగునా దొరికే ఆకుకూర ఏదైనా ఎంచుకోమన్నాడు. రిపోర్టులు సర్దుకునేదాకా తరచూ రక్తం ఇవ్వాలి, రక్తం గడ్డకట్టకుండా కొన్నాళ్లు పొట్ట మీద ఇంజక్షన్లు వేసుకోవాలి. అమ్మ అన్నిటికీ ఒప్పుకుంది.

ఆస్పత్రి మెట్లు దిగాక ఆవిడ అసలు రూపం చూశాం. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ మొదలుపెట్టింది.

"ఇన్నేళ్లు! ఇన్నేళ్లు నా నోరు కట్టీసినారు. ఎవులు సెప్పినారు మీకు మానమని? ఆ సిస్టరమ్మ జాగర్త అంది, అంతే కదేటి? సంతలో కట్ట పట్టుకుని వాసన సూసి పెట్టీసీదాన్ని. ఆ బాజీ అమ్మీవోలు నవ్వీవోరు!"

నాన్న అమ్మ చెప్పులు తీసి అరలో పెట్టాడు. జీవితంలో మొదటిసారి ఎదుటి పక్షం చెప్పినదంతా చివరిదాకా విన్నాడు. నేను మధ్యలో దూరలేదు. నిజం చెప్పాలంటే నాకు ఆ తిట్లు వినడం హాయిగానే ఉంది, ఆ మెంతికూర కట్ట కోపం నాకింకా పోలేదు. తిట్టడానికి అమ్మకి గొంతు ఉంది, ఊపిరి ఉంది అనే సంతోషం కూడా అందులో ఉంది.

ఆంటీ సంగతి విని కళ్లనీళ్లు పెట్టుకుంది. గోడ అవతల నిలబడి క్షమించమంది. అమ్మ ఆవిణ్ని కోప్పడింది. "దీదీ, మీ ఆకు మంచిదే. మా ఆయన బుర్రే మంచిది కాదు" అంది. ఇద్దరూ నవ్వారు.

ఆ తరవాతి రోజులు సులువుగా గడవలేదు. పొద్దున్నే అమ్మ పొట్ట మీద ఇంజక్షన్ వేసేదాన్ని నేనే. రిపోర్టు వచ్చేదాకా ముగ్గురం ఫోను వైపే చూసేవాళ్లం. ఆ రోజుల్లో కూడా అమ్మ తన కప్పు ఆకుకూర మానలేదు. రోజూ తోటకూరే, రోజూ అదే కప్పు. నాన్న పక్కనే కూర్చుని ఆవిడ తినేదాకా చూసేవాడు గానీ, తను మాత్రం ముట్టేవాడు కాదు. ఆయనకి పెరుగన్నం, ఆనపకాయ. గోలీ ఒకసారి పెరిగింది, ఒకసారి కాస్త తగ్గింది. ఒక శనివారం మధ్యాహ్నం ఫోనులో రిపోర్టు వచ్చింది. డాక్టరుకి పంపిస్తే, అంతా సరిగ్గా ఉంది, ఇంజక్షన్లు ఆపండి, ఇదే కప్పు, ఇదే గోలీ అని చెప్పాడు. తోటకూర బదులు వేరేది తినచ్చా అని అమ్మ నా చేత అడిగించింది. కప్పు దాటకపోతే తినచ్చు, పరీక్ష మాత్రం మానద్దన్నాడు.

మర్నాడు అమ్మ స్వయంగా సంతకి వెళ్లి గోంగూర తెచ్చింది. పప్పులో వేసి వండింది. ముగ్గురం కూర్చున్నాం. తన కంచంలో కప్పు బోర్లించుకుంది. నాన్న ఎప్పటిలాగే తన ముందు ఆనపకాయ కూర గిన్నె పెట్టుకున్నాడు.

"మీకు గోంగూర వద్దేటి?" అంది అమ్మ.

అప్పుడు నాకు తట్టింది. ఆవిడ మానేసిన రోజు నుంచి ఆయన కూడా గోంగూర ముట్టలేదు. ఇంట్లోనే కాదు, యూనియన్ వాళ్ల భోజనాల్లో కూడా. చిన్నప్పుడు సెక్టర్ 2 ఇంట్లో గోంగూర కోసం మా ఇద్దరికీ పోట్లాటయ్యేది. అలాంటి మనిషి.

నాన్న కంచం వైపు చూస్తూ మాట్లాడాడు. "ఆపరేసన్ గదిలోంచి నిన్ను తీసుకొచ్చిన కాణ్నించి నాకు బుర్ర పనిసెయ్యలేదు. ఎవులేటి జాగర్తన్నా అది వద్దనే అనుకున్నాను. ఆళ్లు అన్నం వద్దన్నా మానీసీవోణ్ని. సరిగ్గా ఇనలేదు, మళ్లీ అడగలేదు. నువ్వుంటే సాలనుకున్నాను."

అమ్మ ఆనపకాయ గిన్నె పక్కకి జరిపి, ఆయన అన్నం మీద రెండు గరిటెలు గోంగూర పప్పు వేసింది.

"తినండి. నానున్నాను కదేటి."

నాన్న తిన్నాడు. మళ్లీ వెయ్యమని కంచం ముందుకి జరిపాడు. అమ్మ మళ్లీ వడ్డించింది. తను మాత్రం ఆ కప్పు దాటి ఒక్క చెంచా కూడా వేసుకోలేదు.